ఒకే ఒక్క పరమాణువును లేజర్ ఉచ్చులో పట్టడం, పట్టింది ఒకటేనని తేల్చుకోవడం: రుబీడియంతో మొదటి నుంచి చివరిదాకా

లక్షల పరమాణువుల్ని లేజర్‌తో చల్లబరిచి ఒకచోట కూడేయడం ఇవాళ పెద్ద విశేషం కాదు. పరికరాలున్న చోట ఎమ్మెస్సీ విద్యార్థులు కూడా చేస్తున్నారు. అందులోంచి ఒక్కదాన్నే పట్టి, ఇక్కడున్నది ఒకటే, రెండు కాదు అని ఎదుటివాళ్లతో ఒప్పించడం దగ్గరే అసలు పని మొదలవుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది, పరమాణువుల్ని తగ్గించుకుంటూ పోతే చివరికి ఒకటి మిగులుతుంది కదా అనుకుంటారు. అలా చేస్తే మిగిలేది సగటున ఒకటి. సగటు ఒకటి అయినప్పుడు ఉచ్చు ఖాళీగా ఉండే అవకాశం 37 శాతం, సరిగ్గా ఒకటి ఉండే అవకాశం ఇంకో 37 శాతం, రెండో అంతకన్నా ఎక్కువో ఉండే అవకాశం 26 శాతం. దీంతో ఏ ప్రయోగమూ నడవదు. కిటుకు పరమాణువుల్ని తగ్గించడంలో లేదు, ఉచ్చును తగ్గించడంలో ఉంది. ఒక మైక్రోమీటరు వెడల్పు ఉచ్చులోకి రెండో పరమాణువు వచ్చి పడిందంటే, చల్లబరిచే లేజర్ వెలుగులోనే ఆ రెండూ ఢీకొని బయటికి ఎగిరిపోతాయి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నది ఇక్కడ లెక్కగట్టి చూపించగల సంగతి. ఫ్రాన్స్‌లోని ఓర్సేలో ఫిలిప్ గ్రాంజియే బృందం 2001లో దీన్ని చేసి చూపించింది. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతికి మూలం అదే.

ఇది ఇంట్లో చేసుకునే ప్రయోగం కాదు. కంపనాలు అణచే ఆప్టికల్ బల్ల, అత్యున్నత వాక్యూమ్, రెండు మూడు స్థిరమైన లేజర్లు, విడి ఫోటాన్లను లెక్కించే డిటెక్టరు కావాలి. మన దేశంలో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ, ముంబయి టీఐఎఫ్‌ఆర్, పుణె ఐసర్ వంటి చోట్ల శీతల పరమాణువుల ప్రయోగశాలలున్నాయి. అలాంటి చోట చేరబోయేవాళ్లను, చేరి మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ పరమాణువు?

రుబీడియం-87తో మొదలుపెట్టండి. బయటి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్ కాబట్టి శక్తి స్థాయిల లెక్క సులువు. అది పీల్చే వెలుగు తరంగదైర్ఘ్యం 780.24 నానోమీటర్లు. పాత సీడీ ప్లేయర్లలో వాడిన డయోడ్లదీ దాదాపు ఇదే రంగు కావడంతో ఈ లేజర్లు మొదటి నుంచీ అందుబాటు ధరలోనే దొరికాయి. ప్రకృతిలో దొరికే రుబీడియంలో 87 ఐసోటోపు 28 శాతమే, మిగిలింది 85. వేరు చేసి కొనక్కర్లేదు, లేజర్ ఫ్రీక్వెన్సీయే తనకు కావలసినదాన్ని ఏరుకుంటుంది. లోహంగా ఇది 39.3 డిగ్రీలకే కరుగుతుంది, రెంటచింతల ఎండ చాలు. ఆవిరి పట్టడానికి పెద్దగా వేడి చెయ్యనక్కర్లేదన్నమాట.

ముందుగా నోటికి రావలసినవి కొన్ని స్థాయిలు. భూస్థాయి, అంటే పరమాణువు అతి తక్కువ శక్తితో ఉండే స్థాయి, రెండుగా చీలి ఉంటుంది: ఎఫ్=1, ఎఫ్=2 (ఎఫ్ అన్నది చీలిన స్థాయిలకు పెట్టిన సంఖ్య). వాటి మధ్య ఎడం 6.835 గిగాహెర్ట్జ్. ఉత్తేజ స్థాయి ఎఫ్′=0 నుంచి ఎఫ్′=3 దాకా నాలుగు. మనం నడిపేది ఎఫ్=2 నుంచి ఎఫ్′=3కి. ఎఫ్′=3కి ఎక్కిన పరమాణువు ఎఫ్=2కి తప్ప ఇంకెక్కడికీ దిగలేదు. అందుకే అది ఆగకుండా ఎక్కుతూ దిగుతూ, దిగినప్పుడల్లా ఒక ఫోటాన్ వదులుతూ ఉంటుంది. ఉత్తేజ స్థాయిలో నిలిచే కాలం సగటున 26 నానోసెకన్లు. వెలుగు ఎంత పెంచినా సగం సమయమే పైన ఉంటుంది కాబట్టి గరిష్ఠంగా సెకనుకు సుమారు కోటీ 90 లక్షల ఫోటాన్లు. ఒక్క పరమాణువు మనకు కనిపించేది ఈ సంఖ్య వల్లే.

ఒక చిక్కుంది. ఎఫ్′=3కి 267 మెగాహెర్ట్జ్ కిందే ఎఫ్′=2 ఉంది. వేలసార్లలో ఒకసారి పరమాణువు పొరపాటున అక్కడికెక్కి, ఎఫ్=1కి జారిపోతుంది. అక్కడ మన లేజర్ దానికి పట్టదు, చీకటైపోతుంది. దాన్ని తిరిగి తీసుకురావడానికి ఎఫ్=1 నుంచి ఎఫ్′=2కి సరిపోయే రెండో లేజర్ కావాలి. దాన్ని రీపంపర్ అంటారు. అది లేకుండా ఇక్కడ ఏ పనీ జరగదు.

రెండో అడుగు: వాక్యూమ్

ఉచ్చు లోతు, అంటే అందులోంచి బయటపడడానికి కావలసిన శక్తి, ఉష్ణోగ్రత లెక్కలో చెబితే దాదాపు 1 మిల్లీకెల్విన్. గదిలోని గాలి అణువు 300 కెల్విన్లలో ఉంటుంది, అంటే 3 లక్షల రెట్లు. ఒక్కటి తగిలినా పరమాణువు దక్కదు. కాబట్టి పీడనం 10⁻¹⁰ టార్ దరిదాపుల్లో ఉండాలి. 10⁻⁹ దగ్గర కూడా పరమాణువు కొన్ని సెకన్ల నుంచి కొన్ని పదుల సెకన్ల దాకా నిలుస్తుంది. మొదటి ప్రయత్నానికి అది చాలు.

పరమాణువులు ఉండే చోట అన్ని వైపులా చూడగల గాజు సెల్లు పెట్టండి. రాగి గాస్కెట్లతో స్టీలు ఫ్లాంజులు బిగించి, టర్బో పంపుతో లాగుతూ మొత్తాన్ని అల్యూమినియం రేకు చుట్టి రోజుల తరబడి బేక్ చెయ్యాలి. గాజు అతుకులు తట్టుకునే ఉష్ణోగ్రత తయారీదారు చెప్పినంతకు మించకూడదు, పెంచేటప్పుడూ దించేటప్పుడూ నెమ్మదిగా. సిస్టమ్ ఇంకా వెచ్చగా ఉండగానే రుబీడియం ఆవిరినిచ్చే డిస్పెన్సర్‌లోకి కొద్దికొద్దిగా కరెంటు పంపి దాన్ని శుభ్రం చేసుకోండి. ఆ తర్వాత అయాన్ పంపు ఆన్ చేసి, టర్బో వాల్వు మూసి, హీలియం చల్లి లీకులు చూడండి. ఈ దశలో తొందరపడ్డవాళ్లు మళ్లీ మొదటికి రావలసిందే. అయాన్ పంపుకు యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి రావడం మన దగ్గర కొత్త కాదు.

మూడో అడుగు: లేజర్లను ఒకచోట నిలపడం

పరమాణువు గీత (అది వెలుగును పీల్చే ఫ్రీక్వెన్సీ) వెడల్పు 6 మెగాహెర్ట్జ్. 780 నానోమీటర్ల వెలుగు ఫ్రీక్వెన్సీ 384 టెరాహెర్ట్జ్. అంటే 6 కోట్లలో ఒక వంతు కచ్చితత్వంతో లేజర్ నిలబడితే ఆ వెడల్పులో ఉన్నట్టు. మనకు దానికంటే బాగా కావాలి. బయటి గ్రేటింగ్‌తో నడిచే డయోడ్ లేజర్ తీసుకుని, చిన్న రుబీడియం గాజు గొట్టంలో సాచురేటెడ్ అబ్సార్ప్షన్ (ఎదురెదురు కిరణాలతో సన్నటి గీతలు రాబట్టే పద్ధతి) గీతలు చూసి, వాటికి లాక్ చెయ్యండి.

ఏ గీతకు లాక్ చెయ్యాలన్నదాంట్లో ఒక సౌకర్యం ఉంది. ఎఫ్′=1, ఎఫ్′=3 గీతలకు సరిగ్గా నడుమ కనిపించే అదనపు గీత (క్రాసోవర్) మనకు కావలసిన గీతకు 212 మెగాహెర్ట్జ్ కింద ఉంటుంది. దానికి లాక్ చేసి, 100 మెగాహెర్ట్జ్ ఏఓఎం (ధ్వని తరంగాలతో వెలుగు ఫ్రీక్వెన్సీని జరిపే పరికరం) గుండా కిరణాన్ని రెండుసార్లు పంపితే 200 పైకి జరుగుతుంది. మిగిలేది 12 మెగాహెర్ట్జ్ కింద, అంటే గీత వెడల్పుకు రెండింతలు. చల్లబరచడానికి సరిగ్గా అదే కావాలి. ఏఓఎం ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ తిప్పితే ఆ ఎడాన్ని కంప్యూటరు నుంచే మార్చుకోవచ్చు.

ఏఓఎం ఆపినా కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది. ఒక్క పరమాణువుకు ఆ కాస్తా ఎక్కువే. ప్రతి దారిలో మెకానికల్ షట్టరు కూడా పెట్టండి.

కళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. 780 నానోమీటర్ల వెలుగు కంటికి మసక ఎరుపుగా కనిపిస్తుంది, చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. నిజానికి అది ఆ కనిపించేదానికి ఎన్నో రెట్లు. తర్వాత ఉచ్చుకు వాడే 852 నానోమీటర్ల వెలుగు అసలే కనిపించదు. ఆ తరంగదైర్ఘ్యాలకు సరిపడే కళ్లద్దాలు పెట్టుకోండి, గడియారం, ఉంగరాలు తీసేయండి, బల్ల ఎత్తుకు కళ్లు దించకండి.

నాలుగో అడుగు: ముందు ఒక మేఘం

ట్వీజర్‌లోకి, అంటే ఒక్క పరమాణువును పట్టే మన చిన్న కాంతి ఉచ్చులోకి, పడేవి ముందుగా చల్లబడి ఉండాలి. అందుకు మాగ్నెటో ఆప్టికల్ ట్రాప్, ల్యాబ్ భాషలో మాట్. 1987లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సోడియంతో మొదటిసారి చేశారు. ఆ బృందంలోని స్టీవెన్ చూకు పదేళ్ల తర్వాత లేజర్ చల్లార్పుకు ఇచ్చిన నోబెల్‌లో భాగం దక్కింది.

గది వేడిలో రుబీడియం పరమాణువు వేగం సెకనుకు 300 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఎదురొచ్చే ఒక్కో ఫోటాన్ దాన్ని సెకనుకు 5.9 మిల్లీమీటర్లు తగ్గిస్తుంది. ఆగాలంటే 50 వేల ఫోటాన్లు కావాలి. మాట్ అంత వేగంవాటి జోలికి పోదు, ఆవిరిలో నెమ్మదిగా తిరిగే కొద్దిపాటివాటినే పట్టుకుంటుంది. మనకు అవి చాలు.

మూడు జతల ఎదురెదురు కిరణాలు, ఎదురెదురుగా కరెంటు పారే రెండు కాయిల్స్. లెక్క కోసం: సగటు వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు, మధ్య ఎడం 5 సెంటీమీటర్లు, ఒక్కోదానికి 100 చుట్లు, 3 ఆంపియర్లు అనుకుంటే మధ్యలో సెంటీమీటరుకు సుమారు 13 గాస్ వాలు వస్తుంది. 10 నుంచి 15 దాకా ఏదైనా పనిచేస్తుంది. ప్రతి కిరణం సెల్లులోకి వెళ్లే ముందు వృత్తాకార ధ్రువణంలో ఉండాలి. కాయిల్స్ అక్షం వెంట వెళ్లే జత ధ్రువణం మిగతా రెండు జతలకు వ్యతిరేకం. ఎందుకంటే అక్షం వెంట అయస్కాంత క్షేత్రపు వాలు అడ్డంగా ఉన్నదానికి రెట్టింపు, దిశ తిరగబడి ఉంటుంది.

మాట్ రాకపోతే ముందు కాయిల్స్ వైర్లు తిరగేసి చూడండి. అప్పటికీ రాకపోతే రీపంపర్ సరైన గీత మీద ఉందో లేదో చూడండి. నాకు తెలిసినంతలో రాని మాట్‌లలో ఎక్కువ ఈ రెంటితోనే వచ్చేస్తాయి. చూడ్డానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. చవక సీసీటీవీ కెమెరాలో ఇన్ఫ్రారెడ్ ఫిల్టర్ తీసేస్తే, ఆవిరి మసక వెలుగు మధ్యలో తెల్లటి చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. కాయిల్స్ ఆపగానే అది పోవాలి. పోకపోతే అది గాజు మీద పడ్డ ప్రతిబింబం.

ఐదో అడుగు: ట్వీజర్

గీతకు తక్కువ ఫ్రీక్వెన్సీలో, బాగా దూరంగా ఉన్న లేజర్ వెలుగు పరమాణువును ఎక్కువ కాంతి ఉన్న చోటికి లాగుతుంది. దాన్ని గట్టి లెన్స్‌తో చిన్న చుక్కగా కూడేస్తే అదే ఉచ్చు. చిన్న గాజు పూసల్ని, జీవకణాల్ని ఇలా పట్టిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో, 96 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది.

852 నానోమీటర్లు తీసుకోండి. అది సీజియం గీత కావడంతో మంచి డయోడ్లు దొరుకుతాయి, రుబీడియంకు తగినంత దూరం కూడా. లెన్స్ న్యూమరికల్ అపెర్చర్ (ఎంత వెడల్పు కోణంలో వెలుగును పట్టగలదో చెప్పే సంఖ్య) 0.5, చుక్క వ్యాసార్ధం 1 మైక్రోమీటరు అనుకుంటే, సుమారు 3.5 మిల్లీవాట్లతో 1 మిల్లీకెల్విన్ లోతు వస్తుంది. ఆ లోతులో పరమాణువు అడ్డంగా సెకనుకు లక్షసార్ల దాకా, కిరణం పొడవునా 20 వేలసార్ల దాకా ఊగుతుంది. ఉచ్చు వెలుగునే పీల్చి వదిలే ఫోటాన్లు సెకనుకు 25 దాకా మాత్రమే, దాని వల్ల వేడెక్కడం పట్టించుకోనవసరం లేదు. ఇదే ఉచ్చును 800 దగ్గర కడితే వెలుగు తక్కువ సరిపోతుంది కానీ ఆ ఫోటాన్లు ఎన్నో రెట్లు పెరిగి పరమాణువును వేడెక్కిస్తాయి.

చుక్క నిజంగా 1 మైక్రోమీటరుందా లేదా అన్నది సెల్లు బయటే తేల్చుకోండి. సెల్లు గోడంత మందం గాజుపలక మధ్యలో పెట్టి మరీ కొలవాలి. లెన్స్ ఆ గాజును లెక్కలోకి తీసుకుని చేసింది కాకపోతే చుక్క చెదిరిపోతుంది. చుక్క 3 మైక్రోమీటర్లయితే లోతు తొమ్మిదో వంతుకు పడిపోవడం ఒక్కటే నష్టం కాదు. పరిమాణం పెరిగి రెండు పరమాణువులకు చోటు దొరుకుతుంది, మొత్తం పద్ధతే దెబ్బతింటుంది.

ఆరో అడుగు: మేఘాన్నీ చుక్కనూ కలపడం

విద్యార్థుల సమయం ఎక్కువగా తినేది ఇదే. అర మిల్లీమీటరు మేఘంలో 1 మైక్రోమీటరు చుక్క ఎక్కడుందో కెమెరాకు కనిపించదు. 852 వెలుగు వాక్యూమ్‌లో ఎవరికీ కనిపించదు కూడా.

ఒక ఉపాయం ఉంది. ట్వీజర్ వెళ్లే ఫైబర్‌లోకే కొన్ని మైక్రోవాట్ల 780 వెలుగు, సరిగ్గా గీత మీద పెట్టి, పంపండి. అది మేఘాన్ని తాకిన చోట పరమాణువుల్ని నెట్టేస్తుంది. రెండు వైపుల నుంచి రెండు కెమెరాలు పెట్టి, అద్దం మరను సూది మోపినంతగా తిప్పుతూ చూస్తే, మొదట మేఘం ఒక అంచు నలుగుతుంది, తర్వాత మధ్యలో గీటు పడుతుంది, నడిమధ్యకు వచ్చేసరికి మేఘం మొత్తం ఆరిపోతుంది. అక్కడ ఆగండి. 780 తీసి 852 పెట్టండి.

కిరణం పొడవునా సరిపోవడం దీంతో తేలదు. దానికి లెన్స్‌ను కదపకుండా మేఘాన్నే కదపండి. మూడు దిశల్లో చిన్న సర్దుబాటు కాయిల్స్ ఉంటాయి కదా, వాటి కరెంటు మారిస్తే అయస్కాంత క్షేత్రం సున్నా అయ్యే చోటు జరుగుతుంది, దాంతోపాటు మేఘమూ జరుగుతుంది.

పరమాణువు వెలుగును అదే లెన్స్‌తో వెనక్కి పట్టి, డైక్రోయిక్ అద్దంతో 852 నుంచి విడదీసి, ఒక ఫైబర్‌లోకి దించాలి. ఆ ఫైబర్ చూసే చోటూ ట్వీజర్ చుక్కా ఒకటే కావాలంటే, డిటెక్టర్ విప్పేసి ఆ ఫైబర్‌లోంచి 780 వెలుగును వెనక్కి పంపండి. అది ట్వీజర్ కిరణంతో దగ్గరలోనూ దూరంలోనూ కలిసేలా సరిచెయ్యండి. సాదా లెన్స్ 780నీ 852నీ ఒకేచోట కూడెయ్యదు. కొన్ని మైక్రోమీటర్ల తేడా రావచ్చు, ఫైబర్ దగ్గరి కొలిమేటర్‌ను కొద్దిగా కదిపి దాన్ని సవరించాలి. అన్నీ అయ్యాక ఆ 780 వెలుగు ఆపారని రెండుసార్లు చూసుకున్నాకే డిటెక్టర్ తగిలించండి. ఆ వెలుగులో డిటెక్టర్ ఒక్క క్షణంలో పోతుంది.

ఏడో అడుగు: ఫోటాన్ల లెక్క

కొనే ముందే కాగితం మీద ఈ లెక్క వేసుకోవాలి. గీతకు కాస్త కింద, మితమైన వెలుగుతో పరమాణువు సెకనుకు 10 లక్షల ఫోటాన్లు వదులుతుందనుకుందాం. 0.5 అపెర్చర్ లెన్స్ అన్ని దిక్కుల వెలుగులో 6.7 శాతమే పట్టుకుంటుంది. లెన్సులు, ఫిల్టర్లు దాటేది 70 శాతం, ఫైబర్‌లోకి దిగేది 50, డిటెక్టర్ గుర్తించేది 65. అన్నీ గుణిస్తే 1.5 శాతం. సెకనుకు 15,000 లెక్కలు, 20 మిల్లీసెకన్లలో 300.

ఎదుట ఉన్న శత్రువు సంగతి చూడండి. 3.5 మిల్లీవాట్ల 852 వెలుగంటే సెకనుకు 1.5 × 10¹⁶ ఫోటాన్లు. అది చాలావరకు ముందుకు పోతుంది కానీ, గాజు గోడల మీద కొద్దిగా వెనక్కి మళ్లినా మన 15,000 అందులో మునిగిపోతాయి. రంగు వేరు కాబట్టి 780 ఫిల్టర్లు ఒకటికి రెండు పెడితే ఇది తీరుతుంది. తీరని బెడద ఇంకొకటి. మాట్ కిరణాలది పరమాణువు వెలుగు రంగే. సెల్లు గోడల మీద చెదిరిన ఆ వెలుగును ఏ ఫిల్టరూ ఆపదు. కిరణాలను సన్నగా చెయ్యడం, గోడల్ని తాకే కోణం మార్చడం, ఫైబర్ సన్నటి నోటినే వడపోతగా వాడుకుని ఆ ఒక్క మైక్రోమీటరు చోటునే చూడడం, ఇవే మార్గాలు. డిటెక్టర్ దారి మొత్తం నల్ల గొట్టంలో పెట్టండి. పరికరాల మీద మెరిసే చిన్న ఎల్ఈడీలకు కూడా నల్ల టేపు వెయ్యండి. సెకనుకు 1,500 నేపథ్య లెక్కలకు దించగలిగితే 20 మిల్లీసెకన్లలో అది 30.

ఇంకో లెక్క తప్పించుకోలేనిది. ప్రతి ఫోటాన్ పీల్చి వదిలినప్పుడు పరమాణువుకు 0.36 మైక్రోకెల్విన్ చొప్పున శక్తి చేరుతుంది. 1 మిల్లీకెల్విన్ లోతు దాటడానికి 2,800 ఫోటాన్లు చాలు. సెకనుకు 10 లక్షల చొప్పున అది 3 మిల్లీసెకన్ల లోపే. అప్పటికి మన చేతికొచ్చేది 42. అంటే ఊరికే వెలుగేసి చూస్తే, చూసేలోపే అది పోతుంది. అందుకే చూసే వెలుగే చల్లబరిచే వెలుగు కూడా కావాలి. ఆరు దిక్కుల నుంచీ, గీతకు కింద, రీపంపర్‌తో కలిపి. ఉచ్చు లోతు వల్ల భూస్థాయి దాదాపు 21 మెగాహెర్ట్జ్ కిందికి దిగి ఉంటుందని, కాబట్టి ఉచ్చులో ఉన్నదాని గీత బయట ఉన్నవాటికంటే పైకి జరిగి ఉంటుందని మరిచిపోకండి. మాట్‌కు పెట్టిన ఎడమే దీనికీ సరిపోదు, స్కాన్ చేసి వెతుక్కోవాలి.

ఎనిమిదో అడుగు: మెట్లు

మాట్‌ను పలచగా నడుపుతూ ట్వీజర్ ఆన్ చేసి, 20 మిల్లీసెకన్లకొకసారి లెక్కను తెర మీద గీయించండి. మొదట 30 దగ్గర వణికే గీత ఉంటుంది. ఉన్నట్టుండి 330కి లేస్తుంది. కాసేపు అక్కడే వణుకుతుంది. మళ్లీ దఢాల్న 30కి పడుతుంది. మధ్యలో ఎక్కడా ఆగదు, వాలుగా ఎక్కదు, వాలుగా దిగదు.

ముఖ్యంగా చూడవలసింది 630, రెండు పరమాణువులుంటే రావలసిన లెక్క. అది రాదు. 1994లో కాల్‌టెక్‌లో హు, కింబుల్ మాట్‌లోనే సీజియం పరమాణువులు ఒకటొకటిగా వచ్చిపోవడం చూసినప్పుడు ఒకటి, రెండు, మూడు అంటూ మెట్లు వచ్చాయి. అది పెద్ద ఉచ్చు. ఇక్కడ రెండో మెట్టే లేదు. రెండోది పడగానే, గీతకు కింద ఉన్న వెలుగు ఆ జంటను ఒకదాన్నొకటి లాక్కునే స్థితికి ఎక్కిస్తుంది. రెండూ దగ్గరకు దూసుకొచ్చి, తెచ్చుకున్న వేగంతో 1 మిల్లీకెల్విన్ గోడను దాటేస్తాయి. ఇదంతా మన 20 మిల్లీసెకన్ల గడి పూర్తయ్యేలోపే అయిపోతుంది. ఒక్కో రాకా ఖాళీని నింపుతుంది, లేదా ఉన్నదాన్ని తీసుకుని పోతుంది. అందుకే ఏ క్షణంలో చూసినా ఉచ్చులో ఒకటి ఉండే అవకాశం సుమారు సగం. లోడింగ్ వేగం కొంత పెంచినా తగ్గించినా ఈ సగం అలాగే ఉంటుంది.

ఆ లెక్కల్ని హిస్టోగ్రామ్‌గా వేస్తే రెండు కొండలు. వాటి మధ్య గీత ఎక్కడ గీయాలి? రెండూ పాయిసన్ పంపిణీలనుకుంటే 300ని 330/30 సహజ లాగరిథంతో భాగించండి: 125. అంతకు మించితే ఉంది, లేకపోతే లేదు. నిజం హిస్టోగ్రామ్‌లో రెండు కొండల మధ్య పలచని వంతెన కనిపిస్తుంది. గడి మధ్యలో పరమాణువు పోయినప్పటి లెక్కలవి. వాటిని చూసి కంగారుపడి గీతను జరపకండి, గడి కాలం తగ్గించండి.

తొమ్మిదో అడుగు: ఒకటేనా?

మెట్లు చూసి మనం నమ్మొచ్చు. పేపరు చూసే రిఫరీ ఇంకొకటి అడుగుతాడు. వచ్చే వెలుగును 50:50 అద్దంతో చీల్చి రెండు డిటెక్టర్లకు పంపండి. ఒక్కటే పరమాణువైతే, ఒక ఫోటాన్ వదిలాక మళ్లీ ఎక్కి దిగడానికి దానికి పదుల నానోసెకన్లు పడుతుంది. ఒకే క్షణంలో రెండు డిటెక్టర్లూ మోగవు. రెండు క్లిక్‌ల మధ్య కాలాన్ని గ్రాఫ్‌గా వేస్తే సున్నా దగ్గర గుంట కనిపిస్తుంది. రెండు పరమాణువులుంటే ఆ గుంట సగానికే ఆగుతుంది. నేపథ్య వెలుగు దాన్ని కొంత పూడుస్తుంది, అది లెక్కలోంచి తీసేయవచ్చు. ఒక్క డిటెక్టర్‌తో ఇది కుదరదు. ఒకసారి మోగాక అది మళ్లీ సిద్ధమయ్యేలోపే మనక్కావలసిన కాలం దాటిపోతుంది.

ఉష్ణోగ్రత కొలవడం సులువు. ఉచ్చును కొన్ని మైక్రోసెకన్లు ఆపి, మళ్లీ పెట్టి, ఉందో లేదో చూడండి. 30 మైక్రోకెల్విన్ల దగ్గర పరమాణువు వేగం ఒక దిశలో సెకనుకు 5 సెంటీమీటర్ల పైచిలుకు, 20 మైక్రోసెకన్లలో 1 మైక్రోమీటరు జరుగుతుంది. ఆపే కాలం పెంచుతూ తిరిగి దొరికే శాతం గీస్తే, ఆ వంపు ఉష్ణోగ్రత చెబుతుంది.

పని చెయ్యనప్పుడు

మెట్లు బదులు ఒకే వెడల్పాటి దిబ్బ వస్తే, చుక్క పెద్దదైపోయింది లేదా ఫైబర్ చూసే చోటు తప్పింది. మెట్లు స్పష్టంగా ఉండి మరీ కొద్దిసేపే నిలిస్తే పరమాణువు వేడెక్కుతోంది: ఎడం, రీపంపర్, భూమి అయస్కాంత క్షేత్రాన్ని రద్దు చేసే కాయిల్స్, ఈ వరుసలో చూడండి. చూసే వెలుగు ఆపి చీకట్లో ఉంచినా త్వరగా పోతుంటే అది వాక్యూమ్ సంగతి, డిస్పెన్సర్ కరెంటు తగ్గించండి. పొద్దున పనిచేసి మధ్యాహ్నానికి ఆగిపోతే ఏసీ వైపు చూడండి. గది ఒక డిగ్రీ మారినా లెన్స్ పట్టు 1 మైక్రోమీటరు జరగడానికి అది చాలు.

సగాన్ని దాటాలంటే

ఉచ్చు మీద వేసే లేజర్‌ను గీతకు పై వైపున, జాగ్రత్తగా ఎంచిన ఎడంతో వెలిగిస్తే ఢీకొన్న జంటకు అందే శక్తి మన చేతిలో ఉంటుంది. రెండూ పోకుండా ఒకటే పోయేలా చెయ్యవచ్చు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో 2010లో ఈ పద్ధతితో 83 శాతం సాధించారు. రెండో దారి ఎక్కువగా వాడుకలో ఉంది. చాలా ఉచ్చులు ఒకేసారి పెట్టి, కెమెరాతో ఫోటో తీసి, నిండినవాటిని కదిలే ట్వీజర్‌తో జరిపి వరుసలో పెడతారు. ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ బ్రోవేస్ బృందం, హార్వర్డ్‌లో మిఖాయిల్ లూకిన్ బృందం 2016లో దీన్ని చేసి చూపించాయి. కాల్‌టెక్‌లో మాన్యుయెల్ ఎండ్రెస్ బృందం 2025లో 6,100 సీజియం పరమాణువుల్ని ఒక్కొక్కటిగా ట్వీజర్లలో నిలిపింది.

అటు వెళ్లే ఉద్దేశం ఉంటే మొదటి కొనుగోలులోనే రెండు విషయాలు చూసుకోండి. 100 ఉచ్చులకు పరమాణువుల దగ్గర 350 మిల్లీవాట్లు కావాలి, దారిలో సగం పైగా పోతుంది, కాబట్టి 852 లేజర్ 1 వాట్ దాకా ఇవ్వాలి. ఒక్క చుక్కకు సరిపోయే సాదా ఆస్ఫెరిక్ లెన్స్ పక్కకు 20 మైక్రోమీటర్లు జరిగేసరికే చుక్కను చెదరగొట్టవచ్చు. సెల్లు గాజు మందం ముందే చెప్పి చేయించుకున్న అబ్జెక్టివ్ అయితే ఆ పని ఇంకా పెద్ద వెడల్పులో చేస్తుంది.